డిఫెన్స్ కంపెనీలో ఇంజనీర్ ఉద్యోగం అంటే ఏం చేస్తారు?

ప్రశ్న: సార్, మాది తెనాలి. ఈసీఈ అయిపోయింది, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్)‌లో ట్రైనీ ఇంజనీర్‌గా సెలెక్ట్ అయ్యాను. సెంట్రల్ గవర్నమెంట్ జాబ్ అని ఇంట్లోవాళ్లు అప్పుడే స్వీట్లు పంచేశారు. ఒక ఐటీ ఆఫర్ కూడా ఉంది. రాడార్లు, మిసైళ్లు నిజంగా మనమే డిజైన్ చేస్తామా? పని ఎలా ఉంటుంది?

జవాబు: ముందు ఆ లెటర్ ఇంకోసారి చదువమ్మా. బెల్‌లో ట్రైనీ ఇంజనీర్, ప్రాజెక్ట్ ఇంజనీర్ రెండూ కాంట్రాక్ట్ పోస్టులే. ట్రైనీకి మొదటి ఏడాది నెలకి 30,000, రెండేళ్లు, పొడిగిస్తే మూడు, అంతే. పర్మనెంట్ అయితే ప్రొబేషనరీ ఇంజనీర్ అని ఉంటది, బేసిక్కే 40,000, పైన డీఏ వగైరా. చేరితే వాళ్లే పర్మనెంట్ చేస్తార్లే అని ఎవరన్నా చెప్తే నమ్మకు, దానికి నోటిఫికేషన్ వేరు, పరీక్ష వేరు.

ఇక పని సంగతి. నేను హైదరాబాద్‌లో ఇలాంటి కంపెనీలోనే చేసి రిటైరయ్యా. డిజైన్ చాలావరకు రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ల్యాబుల్లో జరుగుద్ది. ఆకాశ్ మిసైలే చూడు, 1983లో మొదలైతే సైన్యంలోకి వచ్చింది 2015లో, మిసైల్ తయారీ కంచన్‌బాగ్ భారత్ డైనమిక్స్ (బీడీఎల్)‌ది, రాడార్లు బెల్‌వి. బెల్‌కి సొంత ఆర్ అండ్ డీ ఉంది, కాదన్ను, కానీ నేను చూసినంతలో కొత్తపిల్లలు ఎక్కువమంది టెస్టింగ్, క్వాలిటీలోనే పడతారు.

టెస్టింగంటే చిన్నచూపు వద్దు, అసలు ఇంజనీరింగ్ అక్కడే ఉంది. ఒక్క కార్డు, అంటే సర్క్యూట్ బోర్డు, పాసవ్వాలంటే జేఎస్ఎస్ 55555 అనే మిలటరీ టెస్టుల ప్రమాణం ప్రకారం వేడి, చలి, తేమ, ఉప్పుగాలి, వైబ్రేషన్ అన్నీ తట్టుకోవాలి, చాంబర్‌లో చలికి ఫెయిలయ్యి బయటికి తియ్యగానే శుభ్రంగా పనిచేసే కార్డుతో వారాలు కుస్తీ పడతాం, పక్కనే మిలటరీ తరఫు ఇన్‌స్పెక్టర్ కూర్చుని ఉంటాడు, కారణం తేలేదాకా సంతకం పెట్టడు, పెట్టకూడదు కూడా. చిన్న రెసిస్టర్ మార్చాలన్నా డ్రాయింగ్ మారాలి, దానికో కమిటీ. ఇంకో తలనొప్పి, మన పరికరం ఇంకా ఇరవై ఏళ్లు వాడాలి, అందులో చిప్ చేసేవాడేమో తయారీ ఆపేస్తాడు, అప్పుడు బదులు చిప్ వెతికి మళ్లీ టెస్టులన్నీ మొదట్నుంచి.

ఫోన్ గేటు దగ్గర ఇచ్చేయాలి, నెట్ ఉన్న కంప్యూటర్ వేరే చోట. మార్చి నెలలో డెలివరీల హడావిడికి ఆదివారాలు ఉండవు, మిగతా ఏడాది మాత్రం సాయంత్రం బస్సుకి ఇంటికెళ్లిపోవచ్చు. 1923 నాటి అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ ఉంది కాబట్టి రేపు వేరే ఇంటర్వ్యూలో చేసిందంతా చెప్పుకోలేవు, ఇది కాంట్రాక్ట్ వాళ్లకి ఎక్కువ దెబ్బ. నన్నడిగితే హార్డ్‌వేర్ అంటే ప్రాణమైతేనే చేరు, ఆ రెండేళ్లలో గేట్ పరీక్షకి చదువుకో. గవర్నమెంట్ జాబ్ అన్న మాట కోసమే అయితే ఐటీకి పో.

ప్రశ్న: అన్నగారూ, నేను డాలస్‌లో హెచ్1బీ మీద ఉన్నా. పక్కనే ఫోర్ట్ వర్త్‌లో లాక్‌హీడ్ మార్టిన్ ఎఫ్-35 యుద్ధవిమానాల ఫ్యాక్టరీ ఉంది కదా, అప్లై చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు తమ్ముడూ, కానీ ఉద్యోగం రావడం కష్టం. అక్కడ ఐటార్ అనే రూలుంది, ఆయుధాల టెక్నికల్ డేటా చూడాలంటే సిటిజన్ గానీ గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు గానీ అయ్యుండాలి, లేకపోతే కంపెనీ ప్రత్యేకంగా లైసెన్స్ తెచ్చుకోవాలి, నీకోసం అంత తిప్పలు ఎవరు పడతారు? సెక్యూరిటీ క్లియరెన్స్ కావాల్సిన పోస్టులకైతే గ్రీన్‌కార్డ్ కూడా చాలదు, సిటిజన్ అవ్వాల్సిందే. మనవాళ్ల గ్రీన్‌కార్డ్ క్యూ సంగతి నీకు నేను చెప్పాలా! ఈలోపు టెలికామ్, సెమీకండక్టర్ కంపెనీల వైపు చూసుకో.