పిలుపు సంగతి తర్వాత, ముందు మిత్తి ఎంత?

"అన్నా, వందనాలు. మాది నిజామాబాద్ దగ్గర పల్లె. బీటెక్ చేసి దుబాయిలో గోడౌన్ పనికి వచ్చి ఆర్నెల్లయింది. డబ్బాలు మోయడానికా దేవుడు నన్ను పుట్టించింది అనిపిస్తోంది. వాక్యం చెప్పే సేవకు దేవుని పిలుపు ఉందని రూమ్ ప్రార్థనలో ఒక బ్రదర్ చెప్పారు. ఉద్యోగం మానేసి ఇంటికి రావాలా?"

తమ్ముడూ, వందనాలు. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పిలుపు గురించి రాశావు, అప్పు ఊసే లేదు. ఏజెంటుకు ఎంత కట్టావు? ఎవరి దగ్గర తెచ్చావు? నూటికి ఎంత మిత్తి, అదే వడ్డీ? "అన్నకు ఎప్పుడూ పైసల గోలే" అని ఇక్కడి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

మాది కాజీపేట. బాపు రైల్వే లోకో షెడ్డులో ఫిట్టర్. నేను ఐటీఐలో ఏసీ మెకానిక్ పని నేర్చుకొని 2003లో ఇక్కడికి వచ్చాను. ఏజెంటుకు 85 వేలు, నూటికి మూడు రూపాయల మిత్తి. నెల తిరిగేసరికి 2,550 రూపాయలు కట్టాలి. నా జీతం 800 దిర్హమ్‌లు. అప్పటి లెక్కన మిత్తికే 200 పోయేవి. తిండికి, ఫోన్ కార్డులకు తీసి ఇంటికి ఏదో కొంత పంపితే అసలు ఇంచు కదిలేది కాదు.

అట్లాంటి రోజుల్లోనే ఒక దైవజనుడు మా రూముకు ప్రార్థనకు వచ్చాడు. నా తల మీద చెయ్యి పెట్టి "నీ చేతిలో స్పానర్ కాదు, వాక్యం ఉండాలి" అన్నాడు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆ ఏడుపు పిలుపు విన్నందుకా, ఎండలో డాబాల మీదికి కంప్రెసర్లు మోయలేకా? అప్పుడు ఆలోచించలేదు. కాంట్రాక్టు సగంలో వదిలేసి విమానం ఎక్కాను.

ఊర్లో రెండు తెల్ల లాల్చీలు కుట్టించుకున్నాను. స్నేహితుడి బండి మీద పరకాల దిక్కు పల్లెలు తిరిగాను. రేపటి గురించి చింతించవద్దని గొంతు చించుకొని చెప్పేవాణ్ణి. ఒకరోజు కానుకల సంచీలో అరవై రూపాయలు, ఒక సొరకాయ వచ్చాయి. నేను రేపటి గురించి చింతించని ఆ నాలుగు నెలలూ మా బాపు నా బదులు చింతించాడు. షావుకారు వచ్చి మా వాకిట్లో కుర్చీ వేయించుకొని కూర్చునేవాడు. బాపు పీఎఫ్ మీద అప్పు తీసి మిత్తి కట్టిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక రాత్రి అన్నం తింటూ తల ఎత్తకుండానే అన్నాడు: "దేవుడు నిన్ను వాక్యం చెప్పుమని పిలిచిండు సరే బిడ్డా, నన్ను మిత్తి కట్టుమని పిలిచిండా?"

2005లో మళ్లీ వచ్చాను, ఇంకో అప్పు చేసి. రెండూ తీర్చడానికి ఐదేళ్లు పట్టింది. తీర్చాను. ఇప్పుడు నా కింద పద్నాలుగు మంది పనిచేస్తున్నారు. గొప్పకు చెప్పడం లేదు, కొంచెం గొప్పే అనుకో.

ఆ రెండోసారి వచ్చాకే పిలుపు అంటే ఏమిటో కాస్త తెలిసింది. కంపెనీలో ఆఫీసుల కంప్లయింట్లు ముందు చూసేవాళ్లు, లేబర్ క్యాంపువి అన్నిటికంటే చివర. ఒక క్యాంపులో సిరిసిల్ల పెద్దాయన మంచం మీద ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయి. పదకొండు రోజులుగా మంచం నడుమ బకెట్ పెట్టుకొని, దాని చుట్టూ వంకరగా ముడుచుకొని పడుకుంటున్నాడు. నా డ్యూటీ అయిపోయింది. అయినా కవర్ విప్పాను. ఫిల్టర్ మీద దుమ్ము కంబళిలా పట్టింది, డ్రెయిన్ పైపులో నల్లటి జిగురు గడ్డకట్టింది. నోటితో ఊదితే రాలేదు, తీగ పెట్టి లాగితే మూరెడు బురద నా చొక్కా మీద పడింది. నీళ్లు బయటి గొట్టం లోంచి పోవడం మొదలైంది. ఆయన బకెట్ తీసి కింద పెట్టి, కాళ్లు బారజాపి, నాకు థాంక్స్ కూడా చెప్పకుండా నిద్రపోయాడు. పరకాలలో ఇన్ని ప్రసంగాలు చేశాను కదా, ఒక్కరినీ అంత హాయిగా నిద్రపుచ్చలేదు. కొందరు కూటంలోనే నిద్రపోయారు, అది వేరే సంగతి.

బైబిల్లో అపొస్తలుడు పౌలు డేరాలు కుట్టి బతికినవాడు. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో ఉన్నాడు. వాళ్లూ రోము నుంచి వెళ్లగొడితే వచ్చిన వలసజనమే, వాళ్లదీ అదే పని. మన భాషలో చెప్పాలంటే షేరింగ్ రూమే. పగలు కుట్టు, విశ్రాంతి దినాన వాక్యం. మీ నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో కుష్టు ఆసుపత్రి పెట్టిన ఇసబెల్ కెర్ ఒక డాక్టర్, ఆమె భర్త జార్జి ఒక పాదిరి. ఆయనది పిలుపు, ఆమెది కూలి అని ఆ ఇంట్లో ఎవరూ లెక్కగట్టి ఉండరు. మనమే మైకు పట్టినవాడికి పిలుపు, డబ్బా మోసినవాడికి శాపం అని పంచిపెట్టాం.

నువ్వు డబ్బాలే మోస్తూ ఉండిపో అనడం లేదు. బీటెక్ చదివినవాడివి, స్టాక్ లెక్కల కంప్యూటర్ నేర్చుకో, సూపర్‌వైజర్‌ను అడుగు. సిగ్గుపడితే అక్కడే ఉంటావు. నిజంగా సేవకే వెళ్లాల్సినవాళ్లూ ఉంటారు. నాకు తెలిసిన ఒకతను అప్పంతా తీర్చి, చెల్లె పెళ్లి చేసి, ఆ తర్వాతే వేదాంత కళాశాలలో చేరాడు. పిలుపు నిజమైతే అప్పు తీరేదాకా ఆగుతుంది తమ్ముడూ, మిత్తి మాత్రం ఆగదు. మెడ మీద బాకీ ఉన్నప్పుడు భయం కూడా దేవుని గొంతుతో మాట్లాడుతుంది, నాకు అట్లనే మాట్లాడింది.

దశమభాగం, అంటే జీతంలో పదో వంతు, దేవునికి ఇవ్వు, కాదనను. కానీ అప్పు తెచ్చి ఇవ్వకు. రూముల్లో చందాలు వసూలు చేయకు, ఇక్కడ అనుమతి లేకుండా అది నేరం. ఆరాధనకు అనుమతి ఉన్న చర్చికే వెళ్లు. పాస్‌పోర్ట్ యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు, ఏజెంటు ఖర్చు నీ నెత్తిన వేయకూడదు. ఈ రూల్స్ కాన్సులేట్‌లో, కార్మిక శాఖ సైట్‌లో ఉంటాయి, చూసుకో.

ఆ బ్రదర్ గురించి ఒక మాట. ఆయన మంచివాడే కావచ్చు. ఈసారి కలిసినప్పుడు "నేను ఇంటికి పోతే నా అప్పులో నెలకు ఎంత భరిస్తారు?" అని మర్యాదగా అడిగి చూడు. ఆయన ఏమన్నాడో నాకు రాయి. దానితోపాటే అసలు ఎంత, మిత్తి ఎంత, ఆర్నెల్లలో ఎంత కట్టావు, మూడు అంకెలూ రాయి. మీ బాపును అడగకుండా మాత్రం రాయకు, ఆయన దగ్గర నీకు తెలియని నాలుగో అంకె ఉండొచ్చు.