గన్నేరు కషాయం తాగాక నాన్నగారికి వాంతులు: సమాధానం

షుగర్‌కని గన్నేరు ఆకు కషాయం తాగాక మీ నాన్నగారికి వాంతులు అవుతున్నాయని రాశారు. పేరు దగ్గరే పొరపాటు జరిగినట్టుంది. షుగర్‌కని ఊళ్ళల్లో చెప్పుకునేది బిళ్ళ గన్నేరు. మీరు రాసినట్టు ఆకు సన్నగా, పొడవుగా, కణుపుకి మూడేసి ఉంటే అది అసలు గన్నేరు. చెట్టంతా విషమే, మరిగించినా పోదు.

1. వేలు పెట్టి వాంతి చేయించకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.
2. ఒక రెమ్మ, ఆయన వాడే మాత్రలు వెంట తీసుకెళ్ళండి. వాటిలో డిగాక్సిన్ (గుండె జబ్బు మందు) ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి.
3. వాంతులు తగ్గాయని చాలామంది ఇంట్లోనే ఉండిపోతారు. అక్కడే దెబ్బ తింటారు. గన్నేరులోని ఒలియాండ్రిన్ అనే విషం గుండె లయను తప్పిస్తుంది, అది కాస్త ఆగి కూడా బయటపడొచ్చు. ఆసుపత్రిలో ఈసీజీ, రక్తంలో పొటాషియం చూడమని అడగండి. ఉండమంటే ఉండండి.

బిళ్ళ గన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు తీస్తారు, నిజమే. అలాగని అదీ ఇంట్లో కాచుకునేది కాదు.