నాన్నగారి సినిమా, మనవల ఫోన్లు

ప్రశ్న: 1957 నాటి ‘మాయాబజార్’ అంటే మా నాన్నగారికి ప్రాణం. సెలవులకు వచ్చిన మనవలకు పట్టుబట్టి చూపించబోతే, వాళ్లు అరగంటలోనే ఫోన్లు పట్టుకున్నారు. ఆయన మనసు కష్టపెట్టుకున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మూడు గంటల చిత్రాన్ని ఒకే విడతలో చూపించాలన్న పట్టుదలను ముందుగా వదులుకోండి. నేరుగా మాయా శశిరేఖ ఘట్టాలతో మొదలుపెట్టండి. ఆడపిల్ల రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి, ఒక్క క్షణం ఎస్.వి. రంగారావు ఠీవిని తన భుజాల్లోకీ చూపుల్లోకీ తెచ్చుకుని, మరుక్షణమే సిగ్గులొలికే పెళ్లికూతురైపోయే తీరు చూస్తే, పౌరాణికమంటే ముఖం తిప్పుకునే పిల్లలు కూడా పకపకా నవ్వుతారు. లక్ష్మణకుమారుడిగా రేలంగి పడే అవస్థ సంగతి చెప్పనే అక్కర్లేదు. చిన్నమయగా నటించిన రమణారెడ్డి మన నెల్లూరు జిల్లావారేనని కూడా వాళ్ల చెవిన వేయండి.

అయితే, నాన్నగారు ఆ సినిమాను మొదట ఏ హాల్లో, ఎవరి పక్కన కూర్చుని చూశారో మనవలకు ఎప్పుడైనా చెప్పారా? నా దృష్టిలో ఆయన పంచుకోవాలనుకున్నది బొమ్మ ఒక్కటే కాదు, ఆ రోజులు కూడా. ఆ కబుర్లు చెప్పించండి. తర్వాత పిల్లలు మెచ్చిన సినిమా ఒకటి ఆయననూ చూడమనండి. అది ఎందుకు నచ్చిందో వాళ్లు చెబుతున్నప్పుడు మధ్యలో అడ్డుపడవద్దని మాత్రం మీరే నచ్చజెప్పాలి.