టెక్ సందేహాలు: ఇంటి ఫైళ్లు ఇంట్లో అందరికీ దొరకాలంటే...

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. ఇద్దరి ఫోన్లలోనూ పిల్లల ఫొటోలు, బడి నోటీసులు, ల్యాబ్ రిపోర్టులు, బీమా కాగితాలు అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. అవసరమైనప్పుడు ఒక్కటీ దొరకదు. కూర్చుని సర్దుకునే తీరిక లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: ఫొటోలతో మాత్రం మొదలుపెట్టకండి. పాత ఫొటోలు చూస్తూ కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది, పని ముందుకు సాగదు. ముందు కాగితాల సంగతి చూడండి. పాస్‌పోర్టులు, జనన ధ్రువపత్రాలు, టీకాల వివరాలు, బీమా పాలసీలు, మార్కుల జాబితాలు, డాక్టర్ రాసిచ్చిన చీటీలు. ఏ ఇంట్లోనైనా మళ్లీ మళ్లీ అడిగేవి ఇవే. ఒకటి రెండు సాయంత్రాల్లో తెమిలిపోతాయి.

ఫైళ్లను ఇంటర్నెట్‌లో (అంటే క్లౌడ్‌లో) దాచే గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, ఐక్లౌడ్‌లలో మీరిద్దరూ ఇప్పటికే వాడుతున్నదేదో అందులో ఒక ఫోల్డర్ తెరవండి. లోపల ఇంట్లో ఒక్కొక్కరి పేరుతో ఒక ఫోల్డర్, అందరికీ సంబంధించిన వాటికి ‘ఇల్లు’ అని ఇంకొకటి. అంతే చాలు. ‘చదువు’లో సంవత్సరం, అందులో తరగతి, అందులో పరీక్ష అంటూ లోతుకు వెళ్లిన కొద్దీ ఏది ఎక్కడ పెట్టారో మీకే గుర్తుండదు. ఫోల్డర్లు తగ్గించి, ఆ శ్రద్ధ ఫైలు పేరు మీద పెట్టండి. తేదీతో మొదలుపెట్టి ‘2024-03-15 పెద్దమ్మాయి రక్తపరీక్ష’ అని రాయండి. సంవత్సరం, నెల, రోజు ఈ వరుసలో, అంకెల్లో ఉంటే పేర్ల క్రమంలో పెట్టినప్పుడు ఫైళ్లు వాటంతటవే తేదీల వారీగా నిలబడతాయి. తేదీలు రాసే తీరుపై 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 చెప్పే వరుస కూడా ఇదే. పేరు తెలుగులో ఉన్నా డ్రైవ్‌కు ఇబ్బంది లేదు. అయితే దరఖాస్తులకు జతచేసే కాపీలకు ఇంగ్లిష్ అక్షరాలు వాడండి, కొన్ని పాత వెబ్‌సైట్లు తెలుగు పేర్లను తీసుకోవు.

కాగితం మీద ఉన్నవాటిని మామూలుగా ఫొటో తీసి వదిలేయొద్దు. డ్రైవ్ యాప్‌లో స్కాన్ సదుపాయం ఉంది, ఐఫోన్‌లో అయితే నోట్స్‌లో ఉంది. అంచులు కత్తిరించి, పేజీలన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా ఇస్తాయి. అచ్చు అక్షరాలు స్పష్టంగా ఉంటే డ్రైవ్ వాటిని చదివి పెట్టుకుంటుంది. కాబట్టి ఫైలు పేరు మరిచిపోయినా లోపలి మాటతో వెతకొచ్చు.

ఇక అసలు విషయం. ఆ ఫోల్డర్‌ను మీ ఇద్దరి మెయిల్ చిరునామాలకే షేర్ చేయండి. ‘లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అనేదాన్ని ఎంచుకోవద్దు, ఆ లింక్ ఎక్కడికి చేరినా పాస్‌పోర్టులు బయటపడతాయి. షేర్ చేశాక రెండో ఫోన్‌లోంచి ఒక కాగితం వెతికి తీయమనండి. ఒకరి ఫోన్‌లోనే దొరికేట్టు సర్దితే, ఆ మనిషి ప్రయాణంలోనో ఆసుపత్రిలోనో ఉన్న రోజున ఆ సర్దుడు ఎవరికీ అక్కరకు రాదు.

ప్రశ్న: స్టోరేజ్ నిండిందని గూగుల్ రోజూ హెచ్చరిస్తోంది. ఫోన్‌లో ఫొటోలు తీసేస్తే క్లౌడ్‌లో కూడా పోతాయా?

జవాబు: ఎక్కడి నుంచి తీస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. చాలా కుటుంబాలు ఫొటోలు పోగొట్టుకునేది ఈ తేడా తెలియకే. అందుకే కాస్త నిదానంగా చదవండి. బ్యాకప్ అయిన (అంటే క్లౌడ్‌లో కాపీ చేరిన) ఫొటోను గూగుల్ ఫొటోస్ యాప్‌లో డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ క్లౌడ్‌లోనూ రెండు చోట్లా పోతుంది. ఫోన్‌లో మాత్రమే ఖాళీ కావాలంటే అదే యాప్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కాలి. అప్పటికే క్లౌడ్‌కు చేరినవాటి ఫోన్ కాపీలను మాత్రమే అది తీసేస్తుంది. పొరపాటున పోయినా కంగారు పడొద్దు. బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు యాప్‌లోని బిన్ (చెత్తబుట్ట)లో ఉంటాయి.

ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక్క ఫొటోలకే కాదు. జీమెయిల్, డ్రైవ్ కూడా దాన్నే పంచుకుంటాయి. 2021 జూన్ 1 నుంచి కొత్తగా చేరే ఫొటోలన్నీ అందులోనే లెక్కకొస్తున్నాయి. వేల ఫొటోలను ఏరే బదులు వీడియోలు చూడండి. ఐఫోన్‌లో నిమిషం వీడియో 1080పీ స్పష్టతలో దాదాపు 60 ఎంబీ ఉంటే, అంతకంటే ఎక్కువ స్పష్టత ఉన్న 4కేలో దాదాపు 170 ఎంబీ అవుతుంది. ఫొటోస్‌లోని ‘మేనేజ్ స్టోరేజ్’లో పెద్ద ఫైళ్లు, మసకగా వచ్చినవి, స్క్రీన్‌షాట్లు విడివిడిగా కనిపిస్తాయి. పైనుంచి ఇరవై పెద్ద వీడియోలు చూస్తే చాలు, తేడా తెలుస్తుంది.

వాట్సాప్‌లో కూడా సెట్టింగ్స్‌లోని ‘స్టోరేజ్ అండ్ డేటా’కు వెళ్లి 5 ఎంబీ దాటినవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి తీసేయండి. ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. అయితే బంధువులు తీసిన మీ పిల్లల ఫొటోలు వాట్సాప్‌లో వస్తే వాటి నాణ్యత తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి. దాచుకోదగ్గ ఫొటో అనుకుంటే ‘డాక్యుమెంట్’గా పంపమని అడగండి. అసలు ఫైలే వస్తుంది.

ప్రశ్న: ఒకే ఫొటో రెండు మూడు కాపీలు ఉంటే తీసేసే యాప్ ఏదైనా చెబుతారా?

జవాబు: కొత్తది అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వారి ‘ఫైల్స్’ యాప్, ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి ఫొటోస్‌లోనే ఉన్న ‘డూప్లికేట్స్’ ఆల్బమ్ సరిపోతాయి. ఎవరు చేశారో తెలియని క్లీనర్ యాప్‌కు ఇంటి ఫొటోలన్నీ చూసే అనుమతి ఇవ్వొద్దు.

ప్రశ్న: అన్నీ ఒక హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి ఫోన్లు ఖాళీ చేశాం. ఇక నిశ్చింతగా ఉండొచ్చా?

జవాబు: ఉండకూడదు. ఇప్పుడు ఉన్నది ఒక్క కాపీ. ఆ డిస్క్ ఒక్కసారి కింద పడితే చాలు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి పాటించండి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట. క్లౌడ్‌ను ఇంటి బయటి కాపీగా లెక్కపెట్టుకోవచ్చు. ముందు క్లౌడ్‌కు ఎక్కించండి, ఆ తర్వాత ఇంకో డిస్క్ సంగతి చూడండి.

క్లౌడ్ కాపీకి కూడా ఒక షరతు ఉంది. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. పాత ఫొటోల కోసం వేరే ఖాతా తెరిచి ఉంటే అప్పుడప్పుడు లాగిన్ అవుతూ ఉండండి. ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’లో మీ ఇంటివారి పేరు చేర్చండి. మీరు పెట్టిన గడువు దాకా, అంటే 3 నుంచి 18 నెలల వరకు ఖాతాలో కదలిక లేకపోతే, మీరు ఎంచుకున్న సమాచారం వారికి అందుతుంది. యాపిల్‌లో ఇలాంటిదే ‘లెగసీ కాంటాక్ట్’, అంటే మీ మరణం తర్వాత మీ సమాచారం చూడగలిగేలా మీరు ఎంచుకునే వ్యక్తి. అందుకు అవసరమయ్యే కోడ్‌ను, అంటే యాక్సెస్ కీని ఇప్పుడే ప్రింట్ తీసి, మీ ఇంటి అసలు పత్రాలున్న కవర్‌లో పెట్టండి.