వీణ టీచర్ గారికి చేత్తో చేసే కార్డు: అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

బొబ్బిలి

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను చూశాను. దసరాకి మీ వీణ టీచర్ గారికి చేత్తో కార్డు చేసి ఇవ్వాలనుకోవడం నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. అయితే ఆ ప్లానులో క్విల్లింగ్ పూలు (సన్నని కాగితం పట్టీలు చుట్టి చేసేవి), కుందన్లు, అద్దాలు, గ్లిటర్, సవర బొమ్మలు, దారంతో కుట్టు, మధ్యలో వీణ, అన్నీ ఉన్నాయి. ఇన్ని ఒకే కార్డు మీద పడితే కన్ను దేని మీదా నిలవదు. నీ కార్డులో పెద్దపీట వీణకి వెయ్యి. మిగతావాటిలో ఏది ఆ వీణకి సాయం చేస్తుందో అదే ఉంచు.

అందుకని కుందన్లు, అద్దాలు, గ్లిటర్ తీసేయమంటున్నాను. గ్లిటర్ ఎన్నాళ్లైనా రాలుతూనే ఉంటుంది, ముట్టుకున్న ప్రతి చేతికీ అంటుకుంటుంది. సవర బొమ్మలు నాకూ చాలా ఇష్టం. కానీ సీతంపేట కొండల్లో సవరలు వాటిని ఇంటి గోడ మీద దేవతల కోసం, పోయిన పెద్దల కోసం వేసుకుంటారు. వాటిని తెచ్చి కార్డుకి అంచు డిజైనులా వాడడం నాకు మనసొప్పదు. ఇక మిగిలేవి కత్తిరింపు, దారం కుట్టు, గుడ్డ, కాస్త క్విల్లింగ్. ఒక కార్డుకి ఈ నాలుగూ చాలు.

కత్తెర పట్టుకునే ముందు లోపల రాయబోయే మాట తేల్చుకో. చాలామంది పైన అలంకారమంతా పూర్తిచేసి, చివర్లో కార్డు తెరిచి 'థాంక్యూ టీచర్' అని రాసి ఊరుకుంటారు. అంత కష్టపడ్డాక అసలు చెప్పాల్సింది అక్కడ లేకపోతే ఏం లాభం? పైగా పైన పూలు, దారాలు అతికించాక కార్డు ఎత్తుపల్లాలుగా ఉంటుంది, దాన్ని బోర్లా వేసి రాస్తే పెన్ను కుదురుగా నడవదు. రాయడం ముందు పని. అది కూడా కార్డు మీద కాదు, విడిగా ఒక పల్చటి తెల్ల కాగితం మీద రాయి. తప్పు పోతే ఆ కాగితం మార్చుకుంటావు, కార్డు పాడవదు. బాగా వచ్చిన దాన్ని లోపల పైఅంచు దగ్గర మాత్రమే అతికించు.

ఏం రాయాలో చెప్పమని అడిగావు. ఫీజు కట్టలేకపోయిన రోజుల్లో ఆవిడ ఒక్క మాట అనకుండా పాఠం చెప్పారని రాస్తానన్నావు. అది నిజం, మీ అమ్మా నేనూ కూడా మర్చిపోలేం. కానీ ఆ సంగతి కార్డు మీద రాయకు. కార్డు షోకేసులో నిలబెడితే వచ్చిపోయే పిల్లలూ తల్లిదండ్రులూ తీసి చదువుతారు. ఆవిడ గుట్టుగా చేసిన సాయాన్ని అలా నలుగురి ముందూ పెట్టకూడదు. అది ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు నోటితో చెప్పు. కార్డు మీద పాఠం గురించి రాయి. మొదట్లో గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, రాక నువ్వు ఏడుస్తుంటే, ఆవిడ నీ వేలి మీద వేలు పెట్టి తీగెని లాగి చూపించారని చెప్పావు కదా, అదే రాయి. 'నా వేలి మీద మీ వేలు పెట్టి తీగె లాగించారు. ఇప్పటికీ ఆ చోటికి రాగానే మీ వేలు తగిలినట్టే ఉంటుంది.' ఇలాంటివి రెండు వాక్యాలు చాలు. ఆవిడకి ఎంతోమంది శిష్యులు. ఇది నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేని మాట.

ఇక కార్డు. 300 జీఎస్ఎం అని రాసి ఉండే మందపాటి అట్ట ఏ4 సైజుది తీసుకో. మామూలు చార్టు పేపరు దారం బరువుకీ గుడ్డ బరువుకీ వంగిపోతుంది. సగానికి మడిస్తే 21 సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు 15 ఎత్తు వస్తుంది. మడత పైన ఉండేలా పెట్టుకుంటే వీణ అడ్డంగా హాయిగా పడుతుంది, బల్ల మీద కార్డు దానంతటదే నిలబడుతుంది. మందపాటి అట్టని ఒక్కసారిగా మడిస్తే మడత దగ్గర పగులుతుంది. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్టీలు స్కేలు వెంట గట్టిగా గీత నొక్కి, నొక్కిన వైపు బయటికి వచ్చేలా మడువు. రంగు లేత గంధం రంగో మీగడ రంగో తీసుకుంటే వీణ ఎత్తి కనిపిస్తుంది.

వీణని కార్డు మీద గీయొద్దు, వేరే అట్ట మీద గీసి కత్తిరించు. రంగు ఎంచుకునేటప్పుడు పనస చెక్కని గుర్తుంచుకో. మన బొబ్బిలి వీణ పనస దుంగతో చేసేదే. ఇక్కడ గొల్లపల్లిలో ఒకే దుంగలోంచి కుండ (గుండ్రటి బొజ్జ), దండి (పొడవాటి మెడ), యాళి ముఖం (చివరన ఉండే సింహంలాంటి తల) అన్నీ తొలుస్తారు, అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. కొత్త పనస చెక్క పసుపుగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి ఎర్రటి గోధుమ రంగుకి వస్తుంది. మీ టీచర్ గారి వీణ పాతది కదా, ఆ ముదురు రంగు అట్టే వెతుకు. నువ్వు కూడా కుండ, దండి, యాళి ఒకే ముక్కగా కత్తిరించు, అతుకులు పెట్టకు. యాళి వైపు దండి కింద ఉండే సొరబుర్ర ఒక్కటే విడిగా చేసి వెనక నుంచి అంటించు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను, ఆవిడ కన్ను ముందు పడేది దీని మీదే. వీణకి 24 మెట్లు, అంటే దండి మీద తీగెని నొక్కే అడ్డపట్టీలు. వాటిని నిచ్చెన మెట్లలా సమాన దూరంలో గీస్తే వీణ వాయించేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. స్వరం పైకి వెళ్లేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి. సగం తీగె దగ్గర నొక్కితే పై షడ్జమం పలుకుతుంది కాబట్టి 12వ మెట్టు సరిగ్గా తీగె మధ్యలో ఉండాలి. నీ బొమ్మలో యాళి వైపు తీగె మొదలయ్యే చోటు నుంచి కుండ మీద తీగెలు ఆనే బ్రిడ్జి దాకా 12 సెంటీమీటర్లు పెట్టుకో, లెక్క తేలికవుతుంది. 6వ మెట్టు 3.5 దగ్గర, 12వది 6 దగ్గర, 18వది 7.75 దగ్గర, 24వది 9 దగ్గర. మొదటి మెట్టు మొదలు నుంచి 7 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, చివరి రెండు మెట్ల మధ్య 2 మిల్లీమీటర్లు మించవు. ఈ నాలుగు గుర్తులూ పెన్సిల్‌తో పెట్టుకుని, మధ్యలోవి క్రమంగా దగ్గరయ్యేలా సర్దుకో. 24వ మెట్టు తర్వాత బ్రిడ్జి దాకా ఖాళీగా ఉండాలి, అది మీటే చోటు.

మెట్లని దారంతో కుడదామనుకుంటున్నావేమో, వద్దు. 2 మిల్లీమీటర్లకో కన్నం పడితే స్టాంపుల కాగితంలా అట్ట అక్కడే చిరిగిపోతుంది. మెట్లు కూర్చునే నల్ల మైనానికి గుర్తుగా దండి పొడవునా రెండు వైపులా సన్నని నల్ల గీత గీసి, దాని మీద బంగారు రంగు జెల్ పెన్నుతో మెట్లు గియ్యి. కుండ మీద గుండ్రంగా ఉండే చిన్న రంధ్రాల్ని మాత్రం సూదితో వెనక నుంచి గుచ్చు. ముందువైపు చుక్కలు కాస్త ఉబ్బి వస్తాయి, వేలితో తడిమితే తెలుస్తుంది.

కుట్టు తీగెలకి మాత్రమే. వాయించే నాలుగు తీగెల్లో సారణి, పంచమం సన్నని స్టీలువి కాబట్టి వాటికి వెండి జరీ ఒంటి పోగు పెట్టు. మంద్రం, అనుమంద్రం లావుగా ఉండే చుట్టుతీగెలు, వాటికి బంగారు జరీ రెండు పోగులు. దండి అంచున మూడు తాళం తీగెలు, అవి కూడా వెండి జరీయే. ఏడూ ఉండాలి. కన్నాలు పడే రెండు చివర్లా అట్ట వెనక ముందే సెలోటేపు అంటించి, కింద పాత చెప్పు రబ్బరు ముక్క పెట్టుకుని సూదితో గుచ్చు. కన్నాలన్నీ ఒకే వరసలో కాకుండా ఒకటి ముందు ఒకటి వెనకగా ఉండాలి. జరీ కొన విడిపోకుండా చిటికెడు ఫెవికాల్ రాసి ఆరనివ్వు, అప్పుడు సూదిలోకి తేలిగ్గా దూరుతుంది. దారాన్ని బిగించేటప్పుడు వీణని బల్ల మీద పెట్టి చూస్తూ ఉండు. అట్ట చివరలు పైకి లేస్తున్నాయంటే ఎక్కువ లాగావన్నమాట, కొంచెం వదులు. ముడులు వెనకవైపు పడతాయి, వాటి గురించి టెన్షన్ పడకు. వీణ కింద ఫోమ్ టేపు ముక్కలు అంటించి కార్డు మీద పెడతాం కాబట్టి ముడులు ఆ సందులో దాగిపోతాయి, వీణ కూడా లేచి నిలుస్తుంది.

వీణ కింద పరుపులా పొందూరు ఖాదీ ముక్క వేద్దాం. నా పాత చీర చెంగు కోసి పంపిస్తున్నాను. కొండ పత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికి నేసిన బట్ట అది, జాగ్రత్తగా వాడు. కత్తిరించే ముందు చిక్కగా గంజి పెట్టి ఇస్త్రీ చెయ్యి, లేకపోతే అంచులు ఎక్కడికక్కడ ఊడి వస్తాయి. గంజి పెట్టాక కావాలని రెండు చివర్లా నాలుగేసి పోగులు లాగేస్తే చిన్న కుచ్చులా అందంగా ఉంటుంది. ఫెవికాల్‌లో నీళ్లు కలపకు, పల్చబడితే బట్టలోంచి పైకి ఇంకి మరకలవుతుంది. అట్ట మీద పాత విజిటింగ్ కార్డుతో పల్చగా పరిచి, కాసేపు ఆగి, జిగట పట్టాక బట్ట వెయ్యి. మీ శ్రీకాకుళంలో ఇప్పుడు వానలు కదా, గాలిలో తడికి అట్ట వంకర తిరుగుతుంది. బట్ట వేశాక పైన తెల్లకాగితం పరిచి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచు. అది పూర్తిగా ఆరేదాకా వీణ అతికించకు.

క్విల్లింగ్ ఒక్క మూలకే. ఆవిడ రోజూ కనకాంబరాలు పెట్టుకుంటారన్నావు కదా, చిన్న కనకాంబరం కొమ్మ చెయ్యి. 3 మిల్లీమీటర్ల నారింజ పట్టీలు, ఒక్కో రేకకి 8 సెంటీమీటర్లు చాలు. చుట్టి, వదులు చేసి, ఒక కొసన నొక్కితే రేక అవుతుంది. మూడు పూలు, రెండు మొగ్గలు, రెండాకులు. అంతకు మించితే వీణని మింగేస్తాయి. కవరు కూడా నువ్వే చెయ్యి, ఇంత ఎత్తున్న కార్డు బజారు కవర్లలో పట్టదు. అన్నివైపులా ఒక సెంటీమీటరు ఎక్కువ వదులు.

ఎప్పుడు ఇవ్వాలో కూడా చెప్తాను. విజయదశమి నాడే ఉదయాన్నే వెళ్లు, ఆ రోజు వీణ పూజలో ఉంటుంది, శిష్యులు వస్తారు. వీలుకాకపోతే ఆ ముందు రోజు. దసరా తర్వాతి మంగళవారం మాత్రం పెట్టుకోకు. ఆ రోజు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. విజయనగరంలో మీ టీచర్ గారింటికి వెళ్లే దారిలో, కోట దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం, నీ కార్డు నలిగిపోతుంది.

ఖాదీ ముక్క రేపు బస్సులో వచ్చే మీ మావయ్య చేతికిస్తాను. ఈలోగా లోపల రాసే రెండు వాక్యాలు రాసి, ఫోన్ చేసి నాకు చదివి వినిపించు. అది కుదిరాకే అట్ట కొయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ