అమ్మను ఢిల్లీ తీసుకువెళ్తున్న చిన్నబాబుకు

విజయనగరం

చిరంజీవి చిన్నబాబుకు, పెద్దమ్మ ఆశీస్సులు.

మా ఊరి పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసుకుని అమ్మను నీతో ఢిల్లీ తీసుకువెళ్తానని ఫోనులో చెప్పావు. చాలా సంతోషం. కానీ ‘నిజాముద్దీన్‌లో దిగి మెట్రో ఎక్కితే చిటికెలో ఇంట్లో ఉంటాం పెద్దమ్మా’ అన్నావు చూడు, అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అది నీ నడక లెక్క. మీ అమ్మ నడక లెక్క వేరు. మోకాళ్ళ నొప్పులున్న మీ పెదనాన్నను పట్టుకుని ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి తిరిగినదాన్ని కనుక చెబుతున్నాను, విను.

ముందు ఆ లెక్క తెలుసుకో. పండక్కి వచ్చినప్పుడు ఒక ఆదివారం అమ్మతో అరసవల్లి వెళ్ళు. తన వెనకే నడువు. ఎంత దూరం నడిచాక ఆగుతుందో, ఎక్కడ అరుగు కోసం వెతుకుతుందో, మెట్టు దిగేటప్పుడు ఏ కాలు ముందు వేస్తుందో చూడు. ‘నాకేం, బాగానే ఉన్నాను’ అంటుంది. ఆ మాట నమ్మకు. మీ అమ్మకు మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం, నాకు తెలుసు.

ఇక దారి సంగతి. మెట్రో పటంలో రెండు రంగుల గీతలు కలిసే చోట చిన్న సున్నా చుట్టి ఉంటుంది. బండి మారడం అంటే ఆ సున్నా అంత పనే అనిపిస్తుంది. నేను గమనించినది చెబుతాను. రెండు లైన్లూ ఒకే కాలంలో కట్టిన చోట ప్లాట్‌ఫారాలు ఒకదాని మీద ఒకటి ఉండి నడక తగ్గుతుంది. ఒక లైను వచ్చిన కొన్నేళ్ళకు రెండోది తెచ్చి కలిపిన చోట మధ్యలో పొడుగాటి దారి నడవాల్సి వస్తుంది. రాజీవ్ చౌక్‌లో రెండు లైన్లూ 2005లోనే వచ్చాయి, అక్కడ నడక తక్కువ. హౌజ్ ఖాస్‌లో పసుపు లైను 2010లో, మెజెంటా లైను 2018లో వచ్చాయి. ఆ మెజెంటా ప్లాట్‌ఫారం దాదాపు 29 మీటర్ల లోతున ఉంది. పైకి రావడమే ఒక ప్రయాణం. అయితే నడక తక్కువని రాజీవ్ చౌక్ మంచిదనుకోకు. ఆఫీసుల వేళ అక్కడి తోపులాటలో కర్ర పట్టుకున్న మనిషి నిలబడలేదు.

మీకు పడేది ఐఎన్ఏ స్టేషన్. నిజాముద్దీన్ దగ్గర గులాబీ లైను ఎక్కితే ఆశ్రమ్, వినోబాపురి, లాజ్‌పత్ నగర్, సౌత్ ఎక్స్‌టెన్షన్ దాటాక అయిదోది అదే. అక్కడ పసుపు లైనుకు మారితే ఎయిమ్స్, గ్రీన్ పార్క్, హౌజ్ ఖాస్, మాలవీయ నగర్ మీదుగా మీ సాకేత్. ఒక్కటే మార్పు. లాజ్‌పత్ నగర్‌లో దిగి వయొలెట్ లైను పట్టుకుని, కాల్కాజీలో మెజెంటా లైనుకు మారి, హౌజ్ ఖాస్‌లో పసుపు లైను ఎక్కే దారి కూడా ఉంది. దాంట్లో మూడుసార్లు మారాలి, ఆ ఊసే ఎత్తకు. అమ్మకు నాలుగు స్టేషన్లు ఎక్కువ కూర్చోవడం ఏమాత్రం కష్టం కాదు, ఒక్కసారి ఎక్కువ దిగి ఎక్కడమే కష్టం.

ఐఎన్ఏలో కూడా గులాబీ లైను తర్వాత వచ్చినదే, కాబట్టి నడక ఉంటుంది. నువ్వు ఆ ఊళ్ళోనే ఉన్నావు కదా, పండక్కి బయలుదేరే ముందు ఒక ఆదివారం పెట్టె నింపుకుని ఒక్కడివే ఆ దారిలో వెళ్ళి రా. అమ్మ నడిచినంత నెమ్మదిగా నడువు. మెట్రో బండిలో ఏ పెట్టెలోంచి దిగితే లిఫ్టు ఎదురుగా ఉంటుందో చూసుకో. గులాబీ లైనుకు ఆరు పెట్టెలు, పసుపు లైనుకు ఎనిమిది. తప్పు చివర ఎక్కితే ప్లాట్‌ఫారం పొడుగునా నడిపించాల్సి వస్తుంది. కూర్చోవడానికి బల్లలు ఎక్కడున్నాయో కూడా గుర్తు పెట్టుకో. సాకేత్‌లో మీ ఇంటికి దగ్గరి గేటు చూడకు, లిఫ్టు ఉన్న గేటు చూడు. అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు.

ఈ లిఫ్టు మాట ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి బండి దిగగానే జనం అంతా ఒక వైపు కదిలారు, మేమూ బాణం గుర్తు చూసుకుని వాళ్ళ వెనకే వెళ్ళాం. చివర మెట్లు వచ్చాయి. పన్నెండో పదమూడో దిగేసరికి మీ పెదనాన్నకు మోకాలు పట్టేసింది. కిందికి దిగలేరు, పైకి రాలేరు. పెట్టెను గోడకు ఆనించి దాని మీదే కూర్చోబెట్టాను. పెట్టె పిడిని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే వేళ్ళ కణుపులు తెల్లబడిపోయాయి. చెమట కారుతోంది. పక్కనుంచి జనం వెళ్తూనే ఉన్నారు. చివరికి తుడిచే ఆవిడ ఒకామె వచ్చి, మేము దిగిన చోటే స్తంభం వెనక లిఫ్టు ఉందని చేత్తో చూపించింది. ఆ రోజు నుంచి బండి దిగగానే ఎటూ కదలకుండా నిలబడి, జనం పోయేదాకా ఆగి, లిఫ్టు గుర్తు కనబడ్డాకే అడుగు వేసేవాళ్ళం. నువ్వూ అలాగే చెయ్యి. ఎస్కలేటర్ మాత్రం వద్దు. ఒక చేత చీర కుచ్చిళ్ళు, ఒక చేత కర్ర పట్టుకున్న మనిషికి అది పనికిరాదు.

బండి వెళ్ళే దిశలో మొదటి పెట్టె ఆడవాళ్ళది, అందులోకి నువ్వు ఎక్కకూడదు. ఖాళీగా ఉంది కదా అని అమ్మను ఒక్కదాన్నే అందులో ఎక్కించకు. ఏ పెట్టెలోనైనా పెద్దవాళ్ళకు కేటాయించిన సీట్లు ఉంటాయి, అడిగితే లేస్తారు. టికెట్ గేట్లలో వెడల్పుగా ఉండేది ఒకటి ఉంటుంది, సామానుతో దాంట్లోంచే వెళ్ళండి. ముందు అమ్మ, వెనక నువ్వు. కాలు మరీ నొప్పిగా ఉంటే స్టేషన్ వాళ్ళను చక్రాల కుర్చీ అడుగు, ఇస్తారు. అడగడానికి మొహమాటపడకు.

సామాను మనిషికి 25 కిలోలు దాటనివ్వరు. అది కాదు అసలు సంగతి. నీ ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, అది అమ్మ పట్టుకోవడానికి. అంటే చక్రాల పెట్టె ఒకటి, వీపుకు సంచి ఒకటి, అంతే. మామిడి తాండ్ర, ఆవకాయ, నువ్వుండలు అంటూ గోనెసంచి కట్టబోతుంది మీ అమ్మ. నేను మాట్లాడతాను, పార్సిల్ వేయిద్దాం.

విశాఖ వెళ్ళి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కుదామా అని అడిగావు. అది న్యూఢిల్లీ చేరుతుంది. అక్కడి నుంచి పసుపు లైనులో మార్పు లేకుండా సాకేత్ వెళ్ళొచ్చు, నిజమే. కానీ మెట్రో అజ్మీరీ గేటు వైపు, 16వ ప్లాట్‌ఫారం పక్కన ఉంటుంది. మీ రైలు అవతలి కొసన ఆగిందంటే వంతెన మీద ఆ పట్టాలన్నీ దాటాలి. పైగా విశాఖలో మారడం ఒకటి. నా ఓటు నిజాముద్దీన్ వెళ్ళే సమత ఎక్స్‌ప్రెస్‌కే. మీకు దగ్గరి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కు అది రాదు, విజయనగరంలోనే ఎక్కాలి, ఎలాగూ మీరు మా ఇంట్లోనే ఉంటారు. ఎక్కించడానికి నేనూ వస్తాను. నిజాముద్దీన్‌లో దిగాక సరాయ్ కాలే ఖాన్ వైపు బయటకు రావాలి, మెట్రో ఆ పక్కనే. కూలీతో మెట్రో దాకా అని ముందే మాట్లాడుకో. రద్దీ వేళ చేరితే తొందరపడకండి, వెయిటింగ్ హాల్లో కూర్చుని టీ తాగి, జనం పలచబడ్డాక కదలండి. అమ్మ ముఖం వడలినట్టు కనబడితే మెట్రో మాట వదిలేసి టాక్సీ ఎక్కు. ఆ డబ్బులు నేనిస్తాను.

సిరిమాను మర్నాటికి టికెట్లు తీయకు, ఊరంతా జనం ఉంటారు. రెండు రోజులు ఆగి బయలుదేరండి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగగానే ఫోను చేస్తే ఆటో తీసుకుని వస్తాను. అమ్మ చేతికర్ర అడుగు రబ్బరు అరిగిపోయి జారుతోందని చెప్పింది. కొత్తది కొని ఉంచాను, వచ్చాక వేయిద్దాం.

ఇట్లు,
నీ పెద్దమ్మ