అబ్బాయి కంపెనీ కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టకండి

ప్రశ్న: మాది భీమవరం. నా వయసు 52, ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 64 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 42 వేలు. బీటెక్ చివరి ఏడాది చదువుతున్న మా అబ్బాయి, రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోతే ఫోన్‌కు హెచ్చరిక పంపే పరికరం తయారుచేశాడు. కాలేజీలో బహుమతి కూడా వచ్చింది. కంపెనీ పెట్టడానికి ఇంటి మీద 12 లక్షలు (11 శాతం వడ్డీ, పదేళ్లు), బంగారం మీద 6 లక్షలు (10 శాతం) తీసుకుందామనుకుంటున్నాం. విడిభాగాల కోసం ఇప్పటికే ఒక యాప్‌లో 80 వేలు అప్పు చేశాం. 3.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా, మొత్తం 6 లక్షల కవరేజీతో రెండు మనీబ్యాక్ పాలసీలు ఉన్నాయి. అమ్మాయి ఇంటర్. వచ్చే సోమవారం బ్యాంకులో సంతకాలు పెట్టాలి. మేం చేస్తున్నది సరైనదేనా?

జవాబు: కాదు. మీ అబ్బాయి ఆలోచన మంచిదే. తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి రొయ్యలు తేలితే రైతు ఏమవుతాడో మీ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. నా అభ్యంతరం అప్పు మీదే. ఒక్క రైతు కూడా ఇంకా డబ్బిచ్చి కొనని వస్తువు కోసం ఇల్లు తాకట్టు పెడుతున్నారు. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తున్నాయి కాబట్టే వివరంగా రాస్తున్నాను.

లెక్క చూడండి. ఇంటి అప్పు వాయిదా నెలకు దాదాపు 16,500. బంగారం మీద వడ్డీయే 5 వేలు. మీకు మిగిలే 22 వేలల్లో 21,500 అక్కడికే పోతుంది. యాప్ వాయిదా ఇంకా కలపలేదు. మీ ఉద్యోగం మూడు నెలలు ఆగితే ఏం తింటారు? అమ్మాయి ఫీజు ఎలా కడతారు?

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కదా, నష్టం మన దాకా రాదు అని చాలామంది అనుకుంటారు. మీ ఇల్లు హామీగా పెట్టి, మీరు గ్యారంటీ సంతకం చేశాక ఆ రక్షణ మీకు ఉండదు. కంపెనీ మూతపడినా బ్యాంకు మీ దగ్గరకే వస్తుంది.

ముందు యాప్ అప్పు ఎఫ్‌డీలోంచి ఈ వారమే తీర్చేయండి. ఇలాంటి అప్పు ఇంకోసారి చేయొద్దని అబ్బాయికి కూడా గట్టిగా చెప్పండి. మిగిలిన 2.7 లక్షలు అత్యవసర నిధి, దాన్ని వ్యాపారం కోసం ముట్టుకోకూడదు. మామూలు ఉద్యోగి ఇంటికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీ అబ్బాయి జీతం వదులుకుని వ్యాపారంలోకి దిగుతున్నాడు కాబట్టి మీకు ఏడాది ఖర్చు, అంటే 5 లక్షలు కావాలి. నెలకు 15 వేలు వేస్తే 16 నెలల్లోపే అవుతుంది. మిగతా 7 వేలు బీమాకు పెట్టండి. ఆఫీసు ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. ఆ తర్వాత కొత్త పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉండొచ్చు. అందుకే కుటుంబం మొత్తానికి సొంత పాలసీ, మీ పేరున టర్మ్ పాలసీ (మీరు లేకపోతే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా) ఇప్పుడే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. మీకేమైనా అయితే మనీబ్యాక్ పాలసీల 6 లక్షలు ఈ ఇంటిని ఏడాదిన్నర కూడా నడపలేవు.

మరి కంపెనీకి డబ్బు? కేంద్ర ప్రభుత్వ నిధి ప్రయాస్ పథకంలో నమూనా తయారీకి 10 లక్షల వరకు గ్రాంటు ఇస్తారు, తిరిగి కట్టక్కర్లేదు. కొత్త కంపెనీలకు సాయం చేసే, రాజమహేంద్రవరంలోని రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌లో అడిగి చూడండి. ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తుకు ఆన్‌లైన్‌లో ఫీజు 1,600, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు. ముద్రా అప్పు సంగతి ఆర్డర్లు వచ్చాక ఆలోచిద్దాం.

అబ్బాయి ఇప్పుడు చేయాల్సింది మూడు చెరువుల్లో ఒక పంట కాలం పరికరం పెట్టి చూడటం. ఉచితంగా కాదు, కొంతైనా డబ్బు తీసుకుని. చెరువు నీళ్లలో సెన్సర్‌కు కొద్ది రోజుల్లోనే నాచు, బురద పడతాయి. ఎవరో ఒకరు వెళ్లి శుభ్రం చేయాలి, రీడింగ్ సరిచూడాలి. ఆ మనిషి జీతం, పెట్రోలు కలిపితే అసలు ఖర్చు తెలుస్తుంది. అది తెలియకుండా 18 లక్షలతో వంద పరికరాలు చేయిస్తే అవి ఇంట్లోనే పడుంటాయి. ఇంకో మాట. రైతు చేతికి డబ్బు వచ్చేది పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాకే. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులు ఎంత టెన్షన్ పడ్డారో మీరు దగ్గరుండి చూశారు. అలాంటప్పుడు మీకు రావాల్సింది ఆగుతుంది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

ముగ్గురిలో ఇద్దరు రైతులు రెండో పంటకు మళ్లీ డబ్బిచ్చి అడిగితే, ఆ లెక్కలు పట్టుకుని నాకు రాయండి. సోమవారం మాత్రం బ్యాంకుకు వెళ్లకండి.